తొమ్మిదో మడి దోసకాయలు

నాటిన 61వ రోజు

తొమ్మిదో మడి. దోస. తీగలు నాలుగు. కాయలు పందొమ్మిది, అందులో పండింది ఒకటి. కోశాను. ఆకులకి బూజు లేదు. నీళ్ళ గొట్టం బాగానే ఉంది.

ఈ తోట పుస్తకంలో ప్రతి పేజీకీ చివర "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంటుంది. తోట పెద్ద తవిటయ్య నీళ్ళ గడీ కాయల గడీ చూసి సంతకం గీకేస్తాడు, అంతదాకా రాడు. ఇన్నాళ్ళూ నేనూ అక్కడ "ఏమీ లేవు" అని రాసి ఊరుకున్నాను. ఇవాళ రాయడానికి ఒకటి ఉంది. కోసిన కాయని వంటశాలకి ఇవ్వలేదు. దానియేలు మాస్టారికి ఇచ్చాను.

మాస్టారు చిన్నప్పుడు నాకు చరిత్ర చెప్పారు. ఇప్పుడు ఆయనకి ఎనభై ఒకటి. బడి మానేశాక పాత దస్త్రాల్లో పడి, ఎప్పుడో ఆరిపోయిన మతం ఒకటి పట్టుకొచ్చి, దానికి తానొక్కరే మిగిలినట్టు బతుకుతున్నారు. మానీ మతమట. వెలుగూ చీకటీ మొదట వేరువేరుగా ఉండేవట. చీకటి వచ్చి వెలుగుని మింగిందట. అప్పట్నుంచీ వెలుగు ముక్కలై అన్నిట్లోనూ ఇరుక్కుని ఉందట, రాయిలో, నీటిలో, ఆకులో, కాయలో. దోసకాయలోనూ ఖర్బూజాలోనూ మరీ ఎక్కువట. ఏ పాపమూ చెయ్యనివాడు వాటిని తింటే ఆ వెలుగు విడుదలౌతుందట. ఇన్ని 'అట'లు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. నవ్వంటే మూతి కొంచెం పక్కకి పోతుంది, అంతే.

చిక్కేమిటంటే, పాపం చెయ్యనివాడు కాయ కొయ్యకూడదు. కోస్తే తీగకి నొప్పి. తరగకూడదు, వండకూడదు, మొక్కల్ని తొక్కకూడదు. అలా ఉండేవాణ్ణి ఎంపికైనవాడు అంటారు. ఆయనకి రోజుకొక్కసారి కోసి, తరిగి, తెచ్చి పెట్టేవాళ్ళని వినేవాళ్ళు అంటారు. పాపం వాళ్ళది, తిండి ఆయనది. మా ఊళ్ళో ఎంపికైనవారు ఒకరు, వినేదాన్ని నేనొక్కదాన్ని.

పళ్ళెం ముందు పెట్టగానే మాస్టారు ముక్కలతో మాట్లాడతారు. "నిన్ను నేను నాటలేదు. నేను కోయలేదు. నేను తరగలేదు. ఇంకొకరు చేసి తెచ్చారు, నాకు తెలియదు," అంటారు. నేను ఎదురుగానే ఉంటాను కత్తి పట్టుకుని. తిన్నాక నావైపు తిరిగి, నేను చేసిన పాపం పోవాలని కళ్ళు మూసుకుంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు.

నాటిన 63వ రోజు

కాయ ఒకటి. మాస్టారికి.

నీళ్ళు తగ్గించారు. గొయ్యిలోంచి మంచు తెచ్చే బండ్లు రెండే తిరుగుతున్నాయి. మూడోది సూరి పోయిన రోజున బోల్తా పడ్డదే, ఇంకా బాగుపడలేదు. ఏడో మడి నుంచి తొమ్మిదో మడి దాకా ఇక సగం నీళ్ళే.

సూరి అంటే మా ఆయన, కోరాడ అప్పలసూరి. ఆ బండి తోలేవాడు. గట్టు మీద మాకు ఎండ ఎప్పుడూ ఉంటుంది, ఆ గొయ్యిలో ఎప్పుడూ పడలేదు. పైకి తెచ్చాక సూరి కనురెప్పల మీద మంచు ఉంది. తుడిచాను. ఆ రోజు అన్నం వండి, గిన్నెలు తోమి, పడుకున్నాను. ఏడుపు రాలేదు. పదకొండు నెలలైంది, ఇంకా రాలేదు. నోటికి ఉప్పూ తెలియడం లేదు. మొన్న నేను వండిన పప్పు తిని తవిటయ్య, "వదినా, ఇందులో సముద్రం ఒలకబోసీసినావేటి?" అన్నాడు. సముద్రాన్ని వాడూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసినవాళ్ళు గాజువాక నుంచి వెల్డింగు పనికి ఇక్కడికొచ్చిన మా తాతలు.

మేముండే ఈ చంద్రుడి మీద రాతిపొడి ఉంది గాని మట్టి లేదు. ఉన్నదంతా ఆ తాతల కాలం నుంచీ మేం చేసుకున్నదే. తొక్కలు, ఊక, జుట్టు, ఇంకా పోయినవాళ్ళు. పోయినవాళ్ళని ఆరు నెలలు డ్రమ్ములో ఉంచి మడికి ఇస్తాం. మడి తలాపున రేకు మీద పేరు కొడతాం. తొమ్మిదో మడి రేకు మీద నాలుగు పేర్లున్నాయి, నాలుగోది సూరిది. ఏడాది తిరిగేదాకా ఇంటివాళ్ళు ఆ మడిలోది నోట్లో పెట్టుకోకూడదు. ఏడాది రోజున మటుకు మొదట వాళ్ళే తినాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు, అందరం పాటిస్తాం. నాకింకా ఇరవై తొమ్మిది రోజులుంది.

సూరిని మట్టికి ఇచ్చిన రోజున మాస్టారు నా పక్కన నిలబడ్డారు. "ఇందులో ఉన్నది వేరులోంచి తీగలోకి, తీగలోంచి కాయలోకి వస్తుందమ్మా. అక్కణ్ణించి వదిలించడం నా పని," అన్నారు. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఆ మడిలో దోస నాటింది మాత్రం నేనే. ఒక్క కాయ కూడా వంటశాలకి పోకుండా చూస్తున్నదీ నేనే. ఇది ఏ మడి కాయో మాస్టారికి చెప్పలేదు. ఆయన అడగలేదు.

నాటిన 66వ రోజు

కాయలు రెండు పండాయి. ఒకటి కోశాను.

తవిటయ్య మడి మధ్యలో కూర్చుని ఆకులు తిప్పి చూశాడు. ఎండకి అంచులు ముడుచుకున్నాయి. "దోసకి దాహం ఎక్కువ వదినా. దాహం తీరకపోతే సేదెక్కిపోద్ది. సేదు సూత్తన్నావా?"

"సూత్తన్నాను," అన్నాను.

చూడటం లేదు. దోసకాయ తరిగేటప్పుడు ముందు ఓ ముక్క నోట్లో వేసుకుని చేదు చూడని ఆడది గాని మగాడు గాని ఈ ఊళ్ళో లేరు. అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తనే నోటికి పోతుంది. నేను మొదటి కాయ తరిగిన రోజున చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. ఏడాది తిరగలేదు. నాకు కూడదు కాబట్టి ఇంకెవరినైనా చూడమనాలి. తవిటయ్యని పిలవాలి. సూరిది తెచ్చి తవిటయ్య పంటి కింద పెట్టి, వాడు నమిలి, పక్కకి ఉమ్మి, బాగుందనో లేదనో చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

అయినా నాకు ఉప్పే తెలియడం లేదు. చేదు చూసి మాత్రం ఏం తెలుసుకుంటాను?

నాటిన 70వ రోజు

కాయ ఒకటి. ఇప్పటికి మొత్తం ఆరు.

పొద్దున గట్టెక్కి, మడులకి ఎండ మళ్ళించే అద్దాల మీద దుమ్ము తుడిచాను. దిగి మాస్టారి గదికి వెళ్ళాను. తెల్ల బట్టలు ఉతికి తీగ మీద ఆరేసుకున్నారు. ఆయనకి రెండు జతలు, రెండూ తెల్లవే. గోడ పక్కన ఖాళీ కుర్చీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, దానిమీద ఎవరినీ కూర్చోనివ్వరు. ఆ మతం పెట్టిన మానీని ఒక రాజు గొలుసులతో కట్టి చెరలో ఉంచితే అక్కడే పోయాడట. ఏటా ఆ రోజున ఆయనవాళ్ళు ఖాళీ ఆసనం ఒకటి వేసి, దాని ముందు కూర్చుని పాడుకునేవాళ్ళట. తవిటయ్య ఒకసారి గొట్టం బాగుచెయ్యడానికి వచ్చి చూసుకోకుండా దానిమీద కూలబడ్డాడు. మాస్టారు వేసిన కేక ఊరంతా విన్నది. పాపం లేనివాళ్ళకి కోపం ఉండొచ్చు కాబోలు.

"ఇంతకీ ఎందుకారిపోయింది మాస్టారూ అది?" అన్నాను. ఏదో ఒకటి అడగాలి కదా, ఆయన తినేదాకా నిలబడాలి.

"రాజులు చంపారు. పుస్తకాలు తగలబెట్టారు. పడమట ఒకరు, తూర్పున ఒకరు, మధ్యన ఇంకొకరు. చివరికి చైనాలో ఒక కొండ మీద ఒక్క రాతి విగ్రహం మిగిలింది. ఆ పక్క ఊళ్ళవాళ్ళు బుద్ధుడనుకుని దానికి అగరొత్తులు వెలిగించేవారు."

"ఎవరో తెలీకుండానే?"

"తెలియకుండానే. నాకైతే అది బాగుందనిపిస్తుంది."

వెలుగు విడుదలయ్యాక ఎక్కడికి పోతుందని అడిగాను. ముందు చంద్రుడికి చేరుతుందట. చంద్రుడు ఓడలాంటివాడట. పదిహేను రోజులు నింపుకుని, పదిహేను రోజులు సూర్యుడికి దించుతాడట. కింద నుంచి చూసేవాళ్ళకి పెరిగి తరిగినట్టు కనిపించేది అదేనట.

"మరి మనం చంద్రుడి మీదే ఉన్నాం కదా."

"అదే చిక్కు. ఓడ ఎక్కి కూర్చుని ఓడ ఎక్కడా అని వెతుకుతున్నాం," అని మాస్టారు నవ్వారు. నవ్వుతూనే నీళ్ళు అడిగారు. ఒక గ్లాసు తాగి ఇంకో గ్లాసు అడిగారు. పళ్ళెంలో గింజ కూడా మిగల్చలేదు.

నాటిన 74వ రోజు

కాయ ఒకటి. ఎనిమిదోది.

మాస్టారు చిక్కారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. నిటారుగా కూర్చుని తినే మనిషి ఇవాళ గోడకి ఆనుకుని తిన్నారు. ఒక్కో ముక్కనీ చాలాసేపు నమిలారు. ముసలాయనకి పళ్ళు పోతున్నాయనుకున్నాను.

"ఒంట్లో బాగున్నాదా?" అన్నాను.

"వయసమ్మా," అన్నారు.

నేను సరే అన్నాను. పళ్ళెం కడిగి పెట్టేసి వచ్చాను. నాకేమీ అనిపించలేదు. అనిపించాల్సింది ఏదో ఉందని మాత్రం తెలిసింది, మూసిన తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు.

నాటిన 77వ రోజు

కాయ ఒకటి, పదకొండోది. తీగ మీద ఇంకా ఎనిమిది.

మాస్టారు తిన్న గంటకి వాంతులు చేసుకున్నారు. నేను అక్కడ లేను. పక్క గదివాళ్ళు చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్ నస్రీన్ నన్ను పిలిచి ఏం పెట్టావని అడిగింది. గుప్పెడు అన్నం, దోసకాయ ముక్కలు, పచ్చివే, అన్నాను. రోజూ అదేనా అంది. కాయ పండిన రోజున కాయ, పండని రోజున ఆకుకూర, అన్నాను. ఎన్నాళ్ళ నుంచి కడుపునొప్పి అని మాస్టారిని అడిగితే ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఆవిడ నావైపు చూసింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

నాటిన 78వ రోజు

కాయలు కోయలేదు.

తవిటయ్య తొమ్మిదో మడిలో పాదులు సరిచేస్తున్నాడు. నేను ఎనిమిదో మడిలో ఉన్నాను. వాడికి ఒక కాయ చేతికి తగిలి ఊడొచ్చింది. వాడికి ఆ మడి నిషేధం లేదు, సూరి వాడికి స్నేహితుడే గాని ఇంటివాడు కాదు. కత్తితో చెక్కు తీసి ముక్క నోట్లో వేసుకున్నాడు. వెంటనే తూ తూ అని ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు. నీళ్ళ గొట్టం నోట్లో పెట్టుకుని పుక్కిలించాడు.

"వదినా, ఇదేటే! ఇసమే ఇది! ఇయ్యేనా మేస్టారికి పెడతన్నావు?"

నేను అవునని తల ఊపాను.

"సేదు సూత్తన్నానన్నావు కదా."

"సూడలేదు," అన్నాను.

వాడు తిడితే బాగుండేది. కాయని రెండు చేతుల్లో పట్టుకుని నా ముఖం చూసి, దాన్ని మడి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్ళి డాక్టరుకి చెప్పాడు. మంచి పని చేశాడు, నేను వెళ్ళలేదు.

నాటిన 79వ రోజు

చేదు దోసలో విషం ఉంటుందని డాక్టర్ చెప్పింది. ఒక ముక్క తింటే కడుపునొప్పితో సరిపోతుంది. మాస్టారు కాయలకి కాయలు తిన్నారు. పైగా ఎనభై ఒక్కేళ్ళు, ముందే మూత్రపిండాలు సరిగా లేవు. "దోసకాయ ఒక్కటే కారణం కాదు. అది కూడా కారణమే," అంది. ఆవిడ కావాలనే అలా చెప్పింది, అబద్ధమాడకూడదని.

మాస్టారి మంచం దగ్గరికి వెళ్ళాను.

"నాను సేదు సూడలేదు మాస్టారూ. అది సూరి మడి. ఏడాది తిరగలేదు, నాను తినకూడదు. ఇంకోలిని సూడమంటానికి మనసొప్పలేదు."

"తెలుసమ్మా."

"ఏటి తెలుసు?"

"మూడో కాయ నుంచీ చేదు. మొదటి ముక్కకే తెలిసింది. ఏ మడిదో కూడా మొదటి రోజే తెలిసింది. నువ్వు పళ్ళెం పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది."

నాకు కోపం వచ్చింది. పదకొండు నెలల్లో మొదటిసారి వచ్చింది, అదీ చావుకి దగ్గరైన మనిషి మీద. "మరెందుకు సెప్పలేదు? నోరు లేదా మీకు? ఉమ్మీలేకపోయినారా?"

"తెచ్చిపెట్టినదాన్ని బాగులేదనకూడదు. నియమం. ఉమ్మేస్తే లోపలున్నది నేలపాలే కదా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "నా పంతం కూడా ఉందిలే. చేదు అంటే చీకటి పాలు ఎక్కువ అనుకున్నాను. అంత చేదు నమిలి మింగగలిగితే, పుస్తకంలో చదివి వేషం కట్టినవాణ్ణి కాకుండా నిజంగా ఎంపికైనవాణ్ణి అవుతానని. ముసలివాడికి అదొక ఆశ."

"ఇలాటి నేమాలుంటే ఆ మతం ఆరిపోక ఏమౌద్ది?" అన్నాను.

"అదీ నిజమే," అన్నారు. చాలా మామూలుగా అన్నారు.

నాటిన 83వ రోజు

రోజూ గంజి తీసుకెళ్తున్నాను. రెండు చెంచాలు దిగుతోంది. గంజితో కూడా ఆ మాటలన్నీ చెబుతారు, నిన్ను నేను దంచలేదు, నేను కాచలేదు, అని. గొంతు లేదు, పెదవులు కదులుతాయి.

ఇవాళ, "తీగ మీద ఎన్ని మిగిలాయి?" అని అడిగారు.

"ఏడు."

"ఒకటి తీసుకురా."

"తేను. సంపమంటారేటి నన్ను మిమ్మల్ని?"

"ఒక్క ముక్క. మిగతావి ఎవరు తింటారు?"

"ఎవులూ తినరు. తొంభయ్యో రోజున మడి పీకీమని ఆర్డరొచ్చింది. కాయలు డ్రమ్ములో ఏసీమన్నారు."

డ్రమ్ములో వేస్తే మళ్ళీ మట్టి, మళ్ళీ మడి, మళ్ళీ ఏదో తీగ. నేను నమ్మని లెక్క ప్రకారం చూసినా సూరి మళ్ళీ లోపలే. నేను నమ్మను. కాని డ్రమ్ము మూత తలుచుకుంటే నా చేతులు చల్లబడ్డాయి. అది ఇక్కడ రాసుకోవాలి.

మాస్టారు నన్నే చూస్తున్నారు. "ఏడాది తిరిగాక నువ్వే తిను."

"నాను కోసినదాన్ని. నానే కోసి, నానే తిని, కోయలేదని ఎలగ సెప్పను? అబద్ధం కాదా?"

ఆయన ఆలోచించారు. బళ్ళో కష్టమైన ప్రశ్న అడిగితే పెట్టే ముఖమే పెట్టారు. "నిజమే. ఇంకెవరైనా కోసి పెట్టాలి," అన్నారు. మళ్ళీ కొంచెంసేపటికి, "రాజులు చంపారని పిల్లలకి చెప్పాను గాని, నాకెప్పుడూ అనుమానమే. కోసి పెట్టేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయుంటారు. ఎంపికైనవాళ్ళు ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని చూసుంటారు, ఎవరైనా వస్తారేమోనని," అన్నారు.

నేను రోజూ వస్తాను కదా అన్నాను. అవునమ్మా అన్నారు.

నాటిన 86వ రోజు

దానియేలు మాస్టారు పొద్దున తొమ్మిది దాటాక పోయారు. గంజి తీసుకుని నేను వెళ్ళేసరికి డాక్టర్ నస్రీన్ దుప్పటి సరిచేస్తోంది. గిన్నె కింద పెట్టి తెల్ల బట్టలు మడత పెట్టాను.

నా వల్ల పోయారు. ఒక్క ముక్క నోట్లో వేసుకోకపోవడం వల్ల పోయారు. ఇది ఇలా రాస్తే ఏదైనా అవుతుందేమోనని రాశాను. ఏమీ కాలేదు. మధ్యాహ్నం నాలుగో మడికి నీళ్ళు పెట్టాను.

నాటిన 88వ రోజు

గది ఖాళీ చేశాను. పళ్ళెం వంటశాలకి ఇచ్చాను. ఖాళీ కుర్చీని సామాన్ల గదికి ఇవ్వమన్నారు. ఇవ్వలేదు, మా ఇంటికి తెచ్చుకున్నాను. నేనూ దానిమీద కూర్చోవడం లేదు.

డ్రమ్ములో ఆరు నెలలు నిండాక మాస్టారిని ఏ మడికి ఇద్దామని తవిటయ్య అడిగాడు. మట్టి సారం తగ్గింది తొమ్మిదో మడిలోనే. "దానికే ఇద్దాం," అన్నాను. రేకు మీద ఇంకో పేరుకి చోటుంది.

నాటిన 90వ రోజు

తొమ్మిదో మడి పీకేశారు. నేను వెళ్ళలేదు. తవిటయ్య ఇంకో ఇద్దరితో కలిసి పీకాడు. పుస్తకంలో వాడి చేతిరాత ఉంది. తీగలు నాలుగు, కాయలు ఆరు, అన్నీ డ్రమ్ముకి.

ఏడుండాలి. వాడికి లెక్కలు రావు. సరిచేద్దామనుకుని వదిలేశాను.

నాటిన 92వ రోజు

మడిలో ఏమీ లేదు కాబట్టి పై గడులు ఖాళీ.

ఇవాళ్టికి ఏడాది. పొద్దున లేచి అన్నం, పప్పు వండుకున్నాను. ఏడాది రోజున మొదట ఇంటివాళ్ళే ఆ మడిలోది తినాలి. మడిలో ఏదీ లేదు. అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను, తినకుండా, ఎందుకో తెలియకుండా. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అప్పుడు తలుపు కొట్టారు.

తవిటయ్య. తల దువ్వుకుని వచ్చాడు. చేతిలో మాస్టారి పళ్ళెం, దానిమీద గుడ్డ. వంటశాలలో వెతికి తెచ్చానన్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. కుర్చీ కనబడింది గాని దాని జోలికి పోలేదు. పళ్ళెం నా ముందు నేల మీద పెట్టి, తను నిలబడే ఉన్నాడు.

గుడ్డ తీస్తే దోసకాయ ముక్కలు. చెక్కు సరిగా తియ్యలేదు, అక్కడక్కడా పసుపు మిగిలింది.

"ఏడోది," అన్నాడు. "పీకినరోజు దాసీసినాను. నానే కోసినాను, నానే తరిగినాను. నువ్వు సెయ్యి పెట్టనేదు. పాపం ఉంటే గింటే నాదేలే."

"నీకెవులు సెప్పారు?"

"మేస్టారు. సివరి రోజుల్లో సూడ్డానికెల్తే సెప్పినారు. నవ్వినాను. అయినా తెచ్చినాను. సేదు సూసినాను వదినా, ఈ పాలి నిజంగానే సూసినాను. తొడిమకాడే సేదు, తక్కినదంతా పర్వానేదు. ఆ ముక్క కోసి తీసీసినాను."

మాస్టారి మాటలు మొత్తం నాకు వచ్చు, రోజూ విన్నవే. కాని అలాగే చెప్పలేను. ముక్కల వైపు చూసి, "నిన్ను నాటింది నేనే. నీళ్ళు పోసింది నేనే, చాలినన్ని పొయ్యలేదు," అన్నాను. "కోయలేదు. తరగలేదు. ఇంకొకరు చేసి తెచ్చారు." తవిటయ్య తల వంచుకుని నిలబడ్డాడు, సంతకం పెట్టేటప్పుడు కూడా వాడు అంత బుద్ధిగా ఉండడు.

తిన్నాను. ఒకటి, రెండు, మూడు. నీళ్ళు నమిలినట్టుంది, అన్నం ఎలా ఉంటుందో అలాగే. ఆఖరి ముక్క అయ్యాక పళ్ళెం చూశాను. మాస్టారు గింజ మిగిల్చేవారు కాదు.

"తొడిమ ముక్కేదీ?" అన్నాను.

"ఇసిరీడానికి జేబులో ఏసినాను. అదెందుకు?"

"ఇలగియ్యి."

"వదినా, సేదు. మేస్టారు సచ్చిపోయినారు దాంతోటి."

"అంత ముక్కకి సావరు. ఇయ్యి."

వాడు జేబులోంచి గుడ్డపేలిక తీశాడు. బొటనవేలంత ఉంది. నోట్లో వేసుకుని కొరికాను.

చేదు. నాలుక వెనక నుంచి చెవుల దాకా పాకింది. దవడలు బిగుసుకున్నాయి. ఏడాదిలో నా నోటికి తెలిసిన మొదటి రుచి అది. ఇంత చేదుని ఆ ముసలాయన గోడకి ఆనుకుని, నా ముఖం చూస్తూ, ముక్క తర్వాత ముక్క నమిలి మింగారు. సూరి కనురెప్పల మీద మంచు వేలికి తగిలినప్పుడు కరిగి నా గోరు కిందికి వెళ్ళింది, ఆ చల్లదనం ఇప్పుడు తెలిసింది. ఉమ్మలేదు. మింగాను. ఏడుపు వచ్చేసింది. ఆపలేకపోయాను, ఆపాలని కూడా అనిపించలేదు. సూరి పోయాడు. మాస్టారు పోయారు. నాకు చాలా నొప్పిగా ఉంది.

"సేదని సెప్పినాను కదా," అన్నాడు తవిటయ్య. నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

నేను కళ్ళు తుడుచుకుని, వాడివైపు తిరిగి, వాడు చేసిన పాపం పోవాలని కళ్ళు మూసుకున్నాను. తిన్నవాళ్ళు చెయ్యాల్సిన ఆఖరి పని అదొక్కటే. సరిగ్గా ఎలా చేస్తారో నాకు తెలియదు, మాస్టారు కళ్ళు మూసుకున్నాక లోపల ఏమనుకునేవారో ఎప్పుడూ అడగలేదు. తవిటయ్య పేరు అనుకున్నాను. మూడుసార్లు అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి వాడు పళ్ళెం కడుగుతున్నాడు. పొయ్యి మీది పప్పు గిన్నె మూత తీసి, వేలు ముంచి నాకి చూసి, ముఖం చిట్లించాడు. నేనూ గరిటెతో కొంచెం తీసుకుని నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పు చాలా ఎక్కువైంది.